ఎకరం లెక్కా, ఏటి లెక్కా?

ముక్త్యాల రేవులో నిలబడితే కృష్ణకు అవతలి ఒడ్డు పల్నాడు జిల్లా. కేంద్ర భూగర్భ జల మండలి 2024 సంవత్సరానికి ఇచ్చిన నాణ్యతా నివేదికలో, దేశం మొత్తం మీద బావుల్లో నైట్రేట్ బాగా ఎక్కువగా ఉన్న 15 జిల్లాలను విడిగా చూపించారు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాకెక్కింది పల్నాడు. తెలంగాణ నుంచి రంగారెడ్డి, ఆదిలాబాద్, సిద్దిపేట ఉన్నాయి. తాగేనీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. దేశవ్యాప్తంగా తీసిన నమూనాల్లో ఇంచుమించు ఐదింట ఒకటి ఆ హద్దు దాటింది.

ఏరు జిల్లాలకు హద్దు గానీ నేలకు కాదు. ఇవతలి ఒడ్డున జగ్గయ్యపేట, నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల, వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలాల్లోనూ అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప, అవే పిండి (రసాయన ఎరువు) కట్టలు. 2022 ఏప్రిల్‌లో ఈ మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి, జనానికి మాత్రం ఇది ఇప్పటికీ కృష్ణా మెట్టే. అవతలి బావుల్లో తేలింది ఇవతల తేలదనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించదు. పసిబిడ్డలకు ఇలాంటి నీటితో పాలు కలిపి పట్టిస్తే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది. ఆ 45 హద్దు పెట్టింది ముఖ్యంగా వాళ్లను తలుచుకునే.

యూరియా కట్ట 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. నీటి కింద పండే మిరపకు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. నత్రజని మొత్తాన్నీ యూరియాగానే లెక్కకట్టినా ఆరు కట్టలకు కాస్త తక్కువ. పొలంలో జరిగేది వేరు. పక్క చేను ముదురు పచ్చగా కనిపిస్తే ఇంకో కట్ట, వాన వెలిసిన మర్నాడు పదునుందని మరో కట్ట పడతాయి. వేసిన నత్రజనిలో మన దేశంలో పైరుకు అందేది మూడో వంతు ప్రాంతమేనని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. మిగతాది ఎటు పోతుంది? రేగడికి క్షారగుణం ఎక్కువ, అందుకని పైన చల్లి వదిలేసిన యూరియా కొంత అమ్మోనియా అయి గాలిలో కలుస్తుంది. నీరు నిలిచిన చోట సూక్ష్మజీవులు ఇంకొంత భాగాన్ని వాయువుగా మార్చేస్తాయి. అందులో కాస్త నైట్రస్ ఆక్సైడ్ ఉంటుంది, అది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 270 రెట్లు. తక్కినది నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ మట్టి రేణువును పట్టుకుని ఉండదు, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది, బావిలోకో వాగులోకో. భాస్వరం దారి వేరు. అది మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది, మట్టి కోతకు గురైతే దానితో కలిసి కొట్టుకుపోతుంది.

ఒక్క లెక్క చూడండి. ఒక కట్టలోని నత్రజని పూర్తిగా నైట్రేట్‌గా మారితే దాదాపు 92 కిలోలవుతుంది. అందులో నాలుగో వంతు బావి నీటిని చేరినా సరే, నైట్రేట్ బొత్తిగా లేని ఐదు లక్షల లీటర్ల నీటిని తాగకూడని హద్దు దాకా తెస్తుంది. ఒకే ఒక్క కట్ట చేసే పని ఇది.

ఫ్యాక్టరీ గొట్టమైతే ఎక్కడుందో చూపించవచ్చు, మూయించవచ్చు. పొలాల నుంచి వచ్చేదాన్ని అలా పట్టుకోలేం. వేలమంది చేలల్లోంచి తలా కాస్త కలిసి పాలేరులోకి, కట్టలేరులోకి, వైరాలోకి, మున్నేరులోకి, చివరికి కృష్ణలోకి చేరుతుంది. దిగువన ప్రకాశం బ్యారేజీ, విజయవాడ తాగునీరు, డెల్టా కాల్వలు. ఆ కాల్వల్లో గుర్రపుడెక్క అంతలా అల్లుకోవడానికి పట్టణాల మురుగుకూ పెద్ద వాటా ఉంది, చెరువుల సాగుకూ ఉంది. రైతు ఒక్కడి మీదే తోసేస్తే అన్యాయం. అయినా రైతు వాటా రైతు వాటాయే, దాన్ని ఏ ఒక్క రైతూ ఒంటరిగా తగ్గించలేడు. ఒకడు మూడు కట్టలు మానేసినంత మాత్రాన వాగు తేరుకోదు. అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ పనికి ఉమ్మడి ప్రాజెక్టులే పెట్టారు. వాటికి డబ్బు ఎవరిచ్చారు, దేన్ని చూసి ఇచ్చారు, ఏం ఒరిగింది అన్నదే ఇక్కడ చూడాల్సింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన దగ్గర ఇంతవరకు ఎకరాలు లెక్కపెట్టి, రైతులను లెక్కపెట్టి డబ్బిచ్చారు. నీటిని లెక్కపెట్టి ఇవ్వలేదు.

ఎరువు తగ్గించే పనికి పెట్టే డబ్బు గురించి మాట్లాడే ముందు, ఎరువు వేయడానికి పెడుతున్న డబ్బెంతో చూడాలి. ప్రపంచ మార్కెట్లో ధరలు మండిన 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీ కింద రెండున్నర లక్షల కోట్ల రూపాయలు ఖర్చుపెట్టింది. యూరియా కట్ట రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంటే, ఆ ఏడు ఒక్కో కట్ట వెనక ప్రభుత్వం పెట్టింది రెండు వేల పైమాటే. ఇక 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు, కేంద్ర రాష్ట్రాల వాటాలు కలిపి కేటాయించింది 2,481 కోట్లు. సబ్సిడీలో నూరో వంతు. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు డీఏపీకి, పొటాష్‌కు ధర వదిలేసి యూరియా ధరను మాత్రం కట్టేశారు. అప్పటి నుంచి చేతిలో డబ్బు తక్కువున్న రైతుకు నత్రజని ఒక్కటే చౌకగా దొరికే బలమైంది. 2015లో వేపపూత తప్పనిసరి చేశారు, 2018లో కట్టను 50 కిలోల నుంచి 45కు దించారు. వీటివల్ల యూరియా పక్కదారి పట్టడం కొంత తగ్గి ఉండవచ్చు. ధరల మధ్య వంకర మాత్రం అలాగే ఉంది.

ఇంకో డబ్బు కూడా ఉంది, దాన్ని ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయరు. అది ఎరువుల కొట్టు ఖాతా. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల కౌలుకు మిరప వేసే మనిషి జూలైలో విత్తనం, పిండి, పురుగుమందు ఒకే కొట్టులో అప్పుకు తెచ్చుకుంటాడు. పంట చేతికొచ్చాక వడ్డీతో తీరుస్తాడు. ఏ కట్ట వేయాలో, ఎన్ని వేయాలో, పైపాటు ఎప్పుడో కూడా చాలాసార్లు అక్కడే తేలుతుంది. యూరియా దొరకని రోజుల్లో దానితోపాటు ఇంకేదో సీసా కొంటేనే ఇస్తామనడం తెలిసిందే. తక్కువ వాడమని ఎవరైనా వచ్చి చెబితే వినడానికి రైతు సిద్ధమే. కానీ ఆ సలహాతోపాటు పెట్టుబడి కూడా రావాలి కదా? కొట్టు ఖాతాను కదిలించని ప్రాజెక్టు ఏదైనా మాటల దగ్గరే ఆగిపోతుంది. మన నివేదికల్లో దీని గురించి రెండు వాక్యాలకు మించి ఉండదు.

వాడకం తగ్గించినందుకే డబ్బిచ్చే ఆలోచన ఇప్పుడు మొదలైంది. 2023 జూన్‌లో ఆమోదం పొందిన పీఎం-ప్రణామ్ పథకం ప్రకారం ఒక రాష్ట్రం గత మూడేళ్ల సగటు కంటే రసాయన ఎరువు తక్కువ వాడితే, మిగిలిన సబ్సిడీలో సగం ఆ రాష్ట్రానికి వస్తుంది. యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బారులు తీరిన 2025 ఖరీఫ్‌లో, సెప్టెంబరు కలెక్టర్ల సదస్సులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వాడకం తగ్గించిన రైతుకు కట్టకు 800 రూపాయలు ఇస్తామన్నారు. ఈ దిశ మంచిది. నాకు తెలిసి మునుపెన్నడూ ఎరువు వేయనందుకు రైతు చేతికి రూపాయి వచ్చింది లేదు.

అయితే ఇందులో మూడు చిక్కులున్నాయి. ఇన్నాళ్లు ఎడాపెడా వేసినవాడికి తగ్గించడానికి చోటుంది, మొదటి నుంచి పొదుపుగా వాడినవాడికి లేదు. అంటే జాగ్రత్తపరుడికి ఏమీ రాదు. రెండోది, కొట్టులో ఎరువు కొనేటప్పుడు వేసే వేలిముద్ర ఒకరిది, కట్ట పడే పొలం ఇంకొకరిది. కౌలు రైతు పట్టాదారు పేరున కొంటాడు, లేదంటే బంధువు పేరున కొంటాడు. ప్రోత్సాహకం వేలిముద్ర వెంట పోతుంది. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. రాష్ట్రం మొత్తం మీద వాడకం పది శాతం తగ్గినా, ఆ తగ్గుదల వాగుకు దూరంగా, నత్రజని పెద్దగా కారని నేలల్లోనే వచ్చిందనుకోండి, నీటికి ఒరిగేది కొద్దే. కట్టలు తగ్గడం వేరు, నైట్రేట్ తగ్గడం వేరు. పథకం మొదటిదాన్ని కొని రెండోది దానంతట అదే వస్తుందని ఆశపడుతోంది.

తెలుగునాట ఉమ్మడిగా రసాయనాలు తగ్గించిన చరిత్ర చిన్నదేమీ కాదు. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం పత్తిలో పురుగుమందులు మానేసి 2000ల మొదట్లోనే దారి చూపించింది. 2006లో వరంగల్ వైపు ఏనెబావి ఊరు ఊరంతా రసాయనాలు వదిలేసింది. 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల మీద ఆధారపడి పురుగుమందులు లేని సాగును వేల గ్రామాలకు తీసుకెళ్లింది, దాని వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. అప్పటి గురి పురుగుమందే, ఎరువు కాదు. 2016లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టాక ఎరువు కూడా లెక్కలోకి వచ్చింది. ఘన జీవామృతం, ద్రవ జీవామృతం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి ఏడాది పొడుగునా నేల మీద పచ్చదనం ఉంచడం ఆ పద్ధతులు. మన విషయానికి చివరిదే కీలకం. పంటకూ పంటకూ మధ్య నేల బోడిగా ఉన్నప్పుడే నైట్రేట్ ఎక్కువగా జారిపోతుంది. వేర్లు ఉంటే పట్టుకుంటాయి, మట్టినీ పట్టుకుంటాయి.

దానికి డబ్బు ఎక్కడిది? రాష్ట్రీయ కృషి వికాస్ యోజన, పరంపరాగత్ కృషి వికాస్ యోజనల నుంచి కొంత, అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ నుంచి వంద కోట్లు, జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అప్పు. 2018 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, బీఎన్‌పీ పారిబా బ్యాంకు, ప్రపంచ అగ్రోఫారెస్ట్రీ కేంద్రం కలిసి 230 కోట్ల డాలర్లు సమకూర్చే ప్రయత్నం ప్రకటించాయి. 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు అన్నారు. ఆ గడువుకు ఆ అంకె చేరలేదు. చేరింది పది లక్షల ప్రాంతంలో రైతులు. నాకు ఇది చిన్న పని అనిపించదు, ప్రపంచంలో ఇంత పెద్దది ఇంకెక్కడా లేదు. 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం పంచుకున్న ముగ్గురిలో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం ఒకటి కావడం న్యాయమే. ఊళ్లో నమ్మకమున్న తోటి రైతునే శిక్షకుడిగా పెట్టడం, డబ్బును గ్రామ సమాఖ్య మహిళల చేతుల మీదుగా నడపడం, ఈ రెండూ ముందు ముందు ఎవరు ఏ ప్రాజెక్టు పెట్టినా వదులుకోకూడనివి.

దీని మీద శాస్త్రవేత్తల మధ్య తగువు తీరలేదు. 2019 ఆగస్టులో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీన్ని రుజువు కాని పద్ధతిగా భావించి ప్రభుత్వం ప్రోత్సహించవద్దంది. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన రైతుల పొలాల్లోనే పోల్చి చూసి దిగుబడి తగ్గలేదన్నారు. రెండు పక్షాల వాదమూ దిగుబడి, ఖర్చు, ఆదాయం చుట్టూనే తిరిగింది. ఈ ఊరి బావిలో ఐదేళ్ల కింద నైట్రేట్ ఇంత, ఇప్పుడింత అన్న వరస ఆ చర్చకు కేంద్రంగా ఎప్పుడూ లేదు. వేల కోట్లు అడిగిన కార్యక్రమానికి నీటి కొలత మొదటి రోజు నుంచే ఉండి ఉంటే, ఈపాటికి విజయవాడ నగరం దాని దగ్గరికి వచ్చి వాటా ఇస్తానని ఉండేదేమో. అన్నం పెట్టే పద్ధతిగానే కాక నీళ్లు కాపాడే పద్ధతిగా కూడా అది తనను తాను చూపించుకోగలిగేది.

నీటిని కొలిచిన ప్రాజెక్టు మన దగ్గరే ఒకటి నడిచింది, ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. పేరు ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థలు. నెదర్లాండ్స్ ఇచ్చిన డబ్బుతో 2003లో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా గ్రామాల్లో ఆ దశాబ్దం చివరి దాకా సాగింది. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. వాళ్లు ఊరిని గానీ మండలాన్ని గానీ యూనిట్‌గా తీసుకోలేదు, వాగు పరీవాహకాన్ని తీసుకున్నారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని రైతులే పదిహేను రోజులకోసారి కొలిచారు. వర్షమాపకం దగ్గరి అంకె ఊళ్లో గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, కింద ఉన్న నీళ్లు ఇన్ని, మనం వేయాలనుకుంటున్న పంటలకు కావలసినవి ఇన్ని అని లెక్కకట్టారు. తర్వాత ఏం వేసుకోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. సబ్సిడీ లేదు, జరిమానా లేదు. అయినా చాలా వాగుల కింద వరి తగ్గింది, తోడకం తగ్గింది. నీటి కొలతను రైతు చేతికిస్తే అతను దాన్ని వాడుకుంటాడన్నది అక్కడ తేలింది. ఇంకోటి కూడా తేలింది. విదేశీ డబ్బు ఆగాక చాలాచోట్ల కొలత కూడా ఆగిపోయింది. గోడ మీద అంకె రాసే మనిషికి ఏడాదికి ఇంత అని ఊరి నుంచే వచ్చే ఏర్పాటు ముందే చేసి ఉండాల్సింది.

ఆ ఏర్పాటుకు కూడా మనకు పాత నమూనా ఉంది. ఆచార్య సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన సిఫారసులతో 1995 నుంచి వాటర్‌షెడ్ డబ్బు శాఖల చేతిలో కాక నేరుగా గ్రామ కమిటీ ఖాతాకు రావడం మొదలైంది. సొంత పొలంలో పని చేయించుకున్న రైతు కొంత చందా కట్టేవాడు, ఆ చందాలు ప్రాజెక్టు అయిపోయాక నిర్వహణకు నిధిగా ఉండాలి. అమలులో లోపాలు చాలానే వచ్చాయి, ఆ నిధులు చాలా ఊళ్లలో కదలకుండా ఉండిపోయాయి. ఆలోచన మాత్రం సరైనదే.

బయట ఎలా చేశారు? జర్మనీలో మ్యూనిక్ నగర జల సంస్థ 1992 నుంచి మాంగ్‌ఫాల్ లోయలో రసాయనాలు మానేసిన రైతులకు హెక్టారు చొప్పున డబ్బు ఇస్తోంది, ఆ ఖర్చు నగరవాసి నీటి బిల్లులోంచి వస్తుంది. న్యూయార్క్ నగరం నీళ్లు శుద్ధి చేసే కర్మాగారం కట్టాలంటే వందల కోట్ల డాలర్లవుతుందని చూసి, కాట్స్‌కిల్ కొండల్లోని రైతులతో ఒప్పందానికి దిగింది. 1997 నాటి ఒడంబడిక ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ నాకు నచ్చింది ఒకటుంది. చేరడం ఎవరిష్టం వాళ్లదే, కానీ ఆ ప్రాంతంలో 85 శాతం మంది చేరాలని సామూహిక లక్ష్యం పెట్టుకున్నారు. చేరని పక్కవాడిని చేర్పించే పూచీ రైతు సంఘానిదే అయింది. డెన్మార్క్ దారి కఠినం. 1987లో నత్రజని కారడాన్ని సగానికి తగ్గిస్తామని చట్టం వెంట చట్టం తెచ్చింది, పైరుకు ఎంత వేయాలో పరిమితి పెట్టింది, చాలావరకు సాధించింది కూడా. అది కొద్దిమంది పెద్ద కమతాల రైతులున్న దేశం. మూడు ఎకరాల కౌలుదారు దగ్గరికి ఆ చట్టం తెస్తే అధికారికి లంచం, రైతుకు కేసు తప్ప ఇంకేమీ మిగలవు. శ్రీలంక 2021లో రాత్రికి రాత్రి ఎరువులు నిషేధించి ఏం తెచ్చుకుందో మనం పక్కనుంచే చూశాం.

మనకు దగ్గరగా ఉన్నది చైనా. 2005 నుంచి 2015 దాకా అక్కడ 2 కోట్ల 9 లక్షల మంది చిన్న రైతులతో 452 కౌంటీల్లో చేసిన పని 2018లో నేచర్ పత్రికలో అచ్చయింది. మొక్కజొన్న, వరి, గోధుమల్లో దిగుబడి 11 శాతం దాకా పెరిగింది, నత్రజని 15 నుంచి 18 శాతం తగ్గింది. రైతుకు తగ్గించినందుకు నగదు ఇవ్వలేదు. వెయ్యిమందికి పైగా పరిశోధకులు, వేలమంది విస్తరణ సిబ్బంది, ఎరువులమ్మేవాళ్లు కూడా కలిసి నడిచారు. కొందరు పరిశోధకులు ఊళ్లలోనే కాపురం పెట్టారు. డబ్బు మనుషుల మీద పెట్టారు, సామాను మీద కాదు. ఎరువుల కొట్టువాళ్లను కలుపుకోవడం దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఇక మన వాగుల సంగతి. గరికపాడులో వ్యవసాయ పరిశోధనా స్థానం, డాక్టర్ కె.ఎల్.రావు కృషి విజ్ఞాన కేంద్రం జగ్గయ్యపేట మండలంలోనే ఉన్నాయి. ఆకురంగు పట్టిక చేతిలో పెట్టి వరిలో ఎప్పుడు చల్లాలో, ఎప్పుడు ఆగాలో చూపించడానికి దూరం నుంచి ఎవరూ రానక్కర్లేదు. నైట్రేట్ పరీక్ష పట్టీ కూడా అంతే సులువు. బావి నీటిలో ఒక్కసారి ముంచి తీసి నిమిషం ఆగితే గులాబీ రంగు తిరుగుతుంది, ఆ రంగును డబ్బా మీది గడులతో సరిచూస్తే అంకె తెలుస్తుంది. ప్రయోగశాల కొలతంత కచ్చితం కాదు, కానీ ఏడో తరగతి పిల్ల చేయగలదు. నాలుగు పట్టీల్లో ఒకదానికి జతగా ప్రయోగశాల నమూనా పంపితే చాలు. బావి పక్కనే పశువుల కొట్టమో మరుగుదొడ్డి గుంటో ఉంటే ఆ సంగతి పక్కన రాసుకోవాలి, లేకపోతే రైతు చేయని పాపం రైతు ఖాతాలో పడుతుంది.

డబ్బుకు దిక్కు లేదనే మాట ఈ ప్రాంతానికి వర్తించదు. సున్నపురాయి తవ్వి సిమెంటు చేసే కర్మాగారాలు ముక్త్యాలలో ఉన్నాయి, జయంతిపురంలో ఉన్నాయి. 2015లో గనుల చట్టం సవరించాక తవ్వేవాళ్లు కట్టే రాయల్టీ మీద కొంత జిల్లా ఖనిజ నిధికి చేరుతుంది. ఆ నిధిలో ఎక్కువ భాగం తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నివారణ వంటి వాటికే పెట్టాలని నిబంధన. రోడ్లు, ప్రహరీలు కట్టడానికి వాడుకునే బదులు బావి నీటి కొలతకూ, వాగు గట్ల మీద గడ్డి పట్టీలకూ ఎందుకు పెట్టకూడదు? కంపెనీల చట్టం ప్రకారం లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాల్సిన సొమ్ము దీనికి తోడవుతుంది. పీఎం-ప్రణామ్‌లో రాష్ట్రానికి వచ్చేది ఒక పాయ. ఇక నాలుగోది, అందరికంటే న్యాయంగా ఇవ్వవలసింది విజయవాడ. నగరం తాగేది ఈ వాగులన్నీ కలిసిన నీరే. హిమాచల్‌లో పాలంపూర్ పురపాలక సంఘం 2010లో తన ఊట పైనున్న గ్రామానికి అడవి కాపాడినందుకు ఏటా డబ్బు కట్టేందుకు ఒప్పందం చేసుకుంది. అంత చిన్న పట్టణం చేసింది విజయవాడకు భారమవుతుందా?

ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్నది దీనికంటే కష్టమైన ప్రశ్న. ఒక్కో రైతుకు విడివిడిగా ఇస్తే కట్టల లెక్కలోకి పోతాం. వాగుకు ఒక సంఘం ఉండాలి. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి, కానీ అవి కాల్వ ఆయకట్టుకు. సాగర్ ఎడమ కాల్వ చివరి భూముల్లో వాటి మాట చెల్లుతుంది, మెట్ట బోర్ల కింద చెల్లదు. ప్రకృతి వ్యవసాయంలో అనుభవమున్న మహిళా సమాఖ్యలు, నీటి సంఘం ప్రతినిధులు, కౌలు రైతులు కలిసిన కమిటీ అయితేనే అందరి చేలూ లెక్కలోకి వస్తాయి. వచ్చే డబ్బులో సగం మొదటి నుంచీ పని చేసినందుకు ఇవ్వాలి: నవధాన్యాలు చల్లినందుకు, పైపాటును మూడు దఫాలుగా విడగొట్టినందుకు, గట్టు మీద గడ్డి ఉంచినందుకు, ముఖ్యంగా కొట్టు అప్పుకు బదులు తొలకరిలో సమాఖ్య నుంచి పెట్టుబడి అప్పు తీసుకున్నందుకు. మిగతా సగం వాగు నీటి కొలత మెరుగైనప్పుడు సంఘం మొత్తానికి రావాలి. పంపకం పట్టాదారు పేరున కాక సాగు చేసిన మనిషి పేరున జరగాలి, అందుకు ఈ-పంట నమోదును కమిటీ ముందు చదివి సరిచేసుకోవాలి.

ఫలితం మీద డబ్బు అన్నప్పుడు ఒక ప్రమాదాన్ని దాచకూడదు. భూగర్భ జలంలో ఇవాళ కనిపిస్తున్న నైట్రేట్ ఏళ్ల కిందట వేసిన ఎరువుది కావచ్చు. రైతు ఈ ఏడు నిజాయతీగా తగ్గించినా బావి నాలుగేళ్ల దాకా ఒప్పుకోదు. అందుకే మొదటి మూడు నాలుగేళ్లు బావి అంకెను చూసి డబ్బు ఆపకూడదు. ఆ కాలంలో చూడవలసింది వానాకాలంలో వాగులో పారే నీరు, పంట కోశాక నేల అడుగు పొరలో మిగిలిన నైట్రేట్. ఈ రెండూ వెంటనే స్పందిస్తాయి.

రాష్ట్రాల హద్దు ఇంకో చిక్కు. మున్నేరు, వైరా, పాలేరు మూడూ పైన తెలంగాణలో పుట్టి పారి వచ్చేవే. 2023 జూలైలో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చిన మున్నేరు, 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మాన్ని ముంచిన మున్నేరు ఒకటే. ఆ వరదల్లో కొట్టుకొచ్చిన మట్టితోపాటు ఎన్ని మండలాల భాస్వరం కిందికి వచ్చి ఉంటుందో ఊహించవచ్చు. కృష్ణా నది యాజమాన్య బోర్డు చూసేది టీఎంసీలు. బచావత్ నుంచి బ్రిజేష్ కుమార్ దాకా ట్రిబ్యునళ్లు పంచిందీ టీఎంసీలే. నీళ్లు ఎన్ని అని యాభై ఏళ్లుగా కొట్లాడుతున్నాం గానీ ఎలాంటివి అని రెండు రాష్ట్రాలూ కలిసి అడిగింది లేదు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ రైతులను కూడగట్టి పట్టుబట్టిన రోజుల్లో, 1952లో ప్రాజెక్టు పరిశీలనకు ఖోస్లా కమిటీ రావడానికి, 1955 డిసెంబరు 10న నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన జరగడానికి, ఈ మెట్ట జనం నీటి పరిమాణం కోసం ఉమ్మడిగా నిలబడ్డారు. నాణ్యత కోసం నిలబడే సంఘం ఇంకా పుట్టాల్సి ఉంది.

కాబట్టి పెద్ద నదితో మొదలుపెట్టకూడదు. రెండు రాష్ట్రాల సంతకాలు అక్కర్లేని, పుట్టుక నుంచి కృష్ణలో కలిసే దాకా జగ్గయ్యపేట, చందర్లపాడు మండలాల్లోనే ఉండే చిన్న వాగు ఒకటి ఎంచుకోవాలి. మొదటి ఏడాది ఖనిజ నిధి నుంచి వచ్చే డబ్బు మొత్తం కొలతకూ, ఇద్దరు ముగ్గురు స్థానిక యువతుల జీతానికీ, కౌలు రైతుల జాబితాకూ పెట్టాలి. డ్రమ్ములు, యంత్రాలు, ప్రారంభోత్సవ శిలాఫలకాలు ఆ ఏడు వద్దు. పెట్టుబడి అప్పు రెండో ఖరీఫ్ నుంచి. విజయవాడ నగర పాలక సంస్థ దగ్గరికి వెళ్లేది మూడో ఏట, చేతిలో రెండేళ్ల అంకెలు పట్టుకుని. ఈ మెట్టలో పైపాటు జూలై ఆఖరు నుంచి మొదలవుతుంది. అంతకు ముందే, మే నెలలో బావులు అడుగంటినప్పటి కొలత ఒకటి, తొలి వాన వాగులోకి దిగినప్పటి కొలత ఒకటి పుస్తకంలోకి ఎక్కి ఉండాలి.